గాజుబాబాయ్ ఊపిరి

ఆ పరిశోధనాలయంలో గేటు కాపలాదారు నుంచి పెద్దమేడం దాకా అందరికీ ఆయన గాజుబాబాయే. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, పాపం అక్కడే ఉండిపోయింది. కింది అంతస్తులో, నడవా చివర, జనరేటర్ గదికి ఆనుకొని ఆయన గది. ఒక పొడవాటి బల్ల, బల్ల మీద గాజును తిప్పే యంత్రం, గోడకు గొలుసులతో కట్టిన రెండు సిలిండర్లు, ఒక కుర్చీ, కుర్చీలో నడుంనొప్పి కోసం ఒక పాత దిండు. ఊదారంగు కళ్ళద్దాలు పెట్టుకొని, రబ్బరు గొట్టం కొసను పళ్ళ మధ్య బిగించి, మంటలో గాజు మెత్తబడే క్షణం కనిపెట్టి ఊదుతాడు. ఉద్యోగమంతా ఆ ఊదడమే. "ముప్ఫై నాలుగేళ్ళుగా ఊపిరి అమ్ముకొని బతుకుతున్నా" అంటాడు. ఎదుటివాళ్ళు నవ్వేదాకా ఆగి అప్పుడు తనూ నవ్వుతాడు.

శాస్త్రవేత్తలకు ఒక అలవాటుంది. గొట్టం పగిలిందంటే చాలు, "బాబాయ్, అర్జంటు, ఇక మీరే దిక్కు" అంటూ పరుగెత్తుకొస్తారు. అతుకు పడిన మర్నాడు మెట్ల మీద ఎదురైతే చూసీ చూడనట్టు పోతారు. ఆయన చేసిచ్చిన ఫ్లాస్కులు, మెలికల గొట్టాలు, సన్నమూతి సీసాలు వేలకు వేలు. వాటిలో ఏం పోశారో, ఏం మరిగించారో, చివరికి ఏం తేలిందో ఒక్కరూ వచ్చి చెప్పిన పాపాన పోలేదు. ఆయనా అడగలేదు. "మీకర్థం కాదులెండి" అంటారేమోనని కొంత బెదురు, పోనీలే అనుకునే గుణం కొంత. ఆ రెండోది ఆయనకు ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ. ఇంట్లో ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా మొత్తుకుంటున్నది కూడా దాని గురించే.

ఇంక ఆరు నెలల్లో పదవీ విరమణ అనగా ఆ పిల్ల వచ్చింది. పిల్ల అంటే మరీ పిల్ల కాదు, ఇరవై ఎనిమిదేళ్ళ పరిశోధకురాలు. అందరిలా గుమ్మంలో నిలబడి కాగితం చాచలేదు. మూలనున్న బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చొని, బొమ్మ గీసిన కాగితాన్ని ఆయన మోకాళ్ళ మీద పరిచింది.

"బాబాయ్, నాకు క్వార్ట్జ్ గొట్టం కావాలి. మూరెడు పొడవు. దీని మధ్యలో స్టీలు కడ్డీ నిలబెడతాను. కడ్డీకీ గోడకీ మధ్య సందు పై నుంచి కింది దాకా ఒకేలా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా మెరుపులన్నీ ఒక పక్కకే పోతాయి."

"మెరుపులా? నా గొట్టంలోనా?"

"చిన్న చిన్నవి లెండి. ప్లాస్మా అంటారు."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళలో అడగని ప్రశ్న ఆ రోజెందుకో నోటికొచ్చింది. "దేనికమ్మా ఇదంతా?"

ఆ పిల్ల వాచీ చూసుకోలేదు, "అబ్బో, అది పెద్ద కథ" అనీ అనలేదు. "గాలిలో నైట్రోజన్ బోలెడుంది బాబాయ్. కానీ అది జంటలు జంటలుగా ఉంటుంది. ఒకదాన్నొకటి పట్టుకుంటే ఇక చచ్చినా వదలవు" అని మొదలుపెట్టింది.

"మీ పిన్నీ నేనూ లాగా."

"అచ్చం అలాగే. ఆ పట్టు విడిపించి హైడ్రోజన్‌తో కలిపితే అమోనియా అవుతుంది. అమోనియా ఉంటే ఎరువు, ఎరువుంటే పంట. ఫ్యాక్టరీల్లోనైతే నాలుగైదు వందల డిగ్రీల వేడి పెట్టి, మామూలు గాలికి రెండొందల రెట్లు ఒత్తిడి పెట్టి విడదీస్తారు. దానికి ఊరంత ఫ్యాక్టరీ కావాలి. నేను మీ గొట్టంలో మెరుపులు పెట్టి విడదీద్దామనుకుంటున్నా. చుట్టూ ఇవి పోస్తా." జేబులోంచి ఒక చిన్న సీసా తీసి ఊపింది. ఆవాలకన్నా కాస్త పెద్ద గుళికలు, బూడిదరంగువి. "దీన్ని ఉత్ప్రేరకం అంటారు. తను మారదు, తరగదు. విడిపోయినవాళ్ళని దగ్గరికి చేర్చి ముడివేసి పక్కకి తప్పుకుంటుంది."

"పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట."

ఆ పిల్ల బకెట్టు మీంచి జారిపడేంతగా నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన ఆమెను పిడుగు అని పిలవడం మొదలుపెట్టాడు. గొట్టంలో మెరుపులు పెడతానన్న మనిషికి ఇంకేం పేరు నప్పుతుంది?

"ఒక్క మాట పిడుగూ" అన్నాడు ఆమె లేచి వెళుతుండగా. "ఆ అమోనియా పుట్టిందో లేదో నాకు చెప్పాలి. నేను ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయేలోగా. ఇన్నేళ్ళలో నా గాజులో ఏం జరిగిందో ఒక్కసారైనా తెలుసుకొని పోతాను."

"చెప్పడం కాదు, చూపిస్తా" అంది.

ఆ గొట్టం మాత్రం ఆయన్ని మూడు చెరువుల నీళ్ళు తాగించింది. మామూలు గాజైతే ఆయన మాట వింటుంది. క్వార్ట్జ్ మొండిఘటం, ఎంత కాల్చినా ఒక పట్టాన లొంగదు. పది గొట్టాలు పగలగొట్టాడు. పదకొండోది కడ్డీ చుట్టూ తిప్పి చూస్తే పొడుగునా ఒకటే సందు. దాన్ని పసిపాపను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకొని మూడో అంతస్తుకు మెట్లెక్కాడు. లిఫ్టులో ఎవరైనా భుజం తగిలిస్తారని భయం.

పిడుగు గదిలో పరదాలు వేసింది. గొట్టానికి బయట రాగి జాలీ చుట్టి, లోపల గుళికలు నింపి, ఒక కొస నుంచి గ్యాసులు వదిలింది. రెండో కొసను బబ్లర్‌కు కలిపింది. బబ్లర్ అంటే పల్చని ఆసిడ్ పోసిన చిన్న గాజుపాత్ర, బయటికొచ్చే అమోనియా అందులో చిక్కుకుంటుంది. కరెంటు పెట్టగానే తుమ్మెద రొదలాంటి చప్పుడు. గొట్టం లోపల ఊదారంగు వెలుగు, గుళికల సందుల్లో సన్నగా వణుకుతూ. ఆయన చేసిన గాజు అలా వెలగడం ఆయనెప్పుడూ చూడలేదు.

తర్వాత బబ్లర్‌లోని నీళ్ళు కాస్త సీసాలోకి తీసి రెండు మందుచుక్కలు వేసింది. అమోనియా లేకపోతే లేతపసుపుగా ఉండిపోతుందనీ, ఉంటే ముందు ఆకుపచ్చకు తిరిగి ఆ పైన నీలమెక్కుతుందనీ చెప్పింది. ముప్పావుగంట ఇద్దరూ ఆ సీసాకు కాపలా కూర్చున్నారు. నీలమెక్కింది. మంచి ముదురు నీలం. పిడుగు గంతేసింది. గాజుబాబాయ్ జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తుడవాల్సింది కళ్ళద్దాల్ని కాదని ఇద్దరికీ తెలుసు.

అక్కణ్ణుంచి ఆయనకు అదో వ్యసనమైపోయింది. రోజూ పొద్దున్నే పైకి వెళ్ళి గొట్టం తనే బిగించేవాడు. గుళికలు, ఆసిడ్ పిడుగు పోసేది, అతుకులన్నీ ఆయనవి. బిగించాక, మొదటి ప్రయోగం నాడు చేసినట్టే, గ్యాసు తగిలించే కొసకు రబ్బరు గొట్టం పెట్టి, నోటితో నిదానంగా ఒక నిండు ఊపిరి ఊదేవాడు. అవతల బబ్లర్‌లో బుడగలు ఒకే లెక్కన, ఒకే పరిమాణంలో లేస్తే అతుకుల్లో ఎక్కడా గాలి పోవడం లేదన్నట్టు. పని నేర్పిన గురువు మొదటి రోజు చూపించిన పద్ధతి అది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ పరీక్ష చేయకుండా ఆయన ఏ గొట్టాన్నీ చేయి దాటనివ్వలేదు. పిడుగు పక్కనే నిలబడి రోజూ చూసేది. ఎప్పుడూ తిరిగే ఫ్యాన్‌ను ఎవరు గమనిస్తారు?

ఉదయం మొదటి విడతలో నీలం ముదురుగా వచ్చేది. మధ్యాహ్నం కొత్త ఆసిడ్ పోసి నడిపితే పల్చబడేది. "గుళికలు పొద్దున తాజాగా ఉంటాయి, తర్వాత అలిసిపోతాయి" అని పుస్తకంలో రాసుకుంది పిడుగు. సాయంత్రం మళ్ళీ ఆసిడ్ మార్చి, కరెంటు లేకుండా ఖాళీ పరీక్ష చేస్తే లేతపసుపే. అంతా లెక్క ప్రకారమే ఉంది.

ఇంట్లో మాత్రం లెక్క తప్పుతోంది. ఆవిడ కుట్టుపని చేస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన మిషను. పెళ్ళైన కొత్తలో ఆయన చేసిచ్చిన ఆరు గాజు గుండీల్లో ఐదు ఇప్పటికీ ఆమె సూదుల పెట్టెలో ఉన్నాయి. ఆరోది పగిలింది ఆయన వల్లనే అని ఆవిడ, కాదని ఆయన.

"అన్నం అలాగే వదిలేశారేం?"

"ఆకలి లేదే."

"నిన్నా లేదు, మొన్నా లేదు. చెప్పులు కూడా బిగుతయ్యాయంటున్నారు. ఒక్కసారి డాక్టరుకి చూపించుకుంటే మీ సొమ్మేం పోతుంది?"

"వెళదాంలే."

"ఆ 'లే' అనే మాట మీ నోట్లోంచి ఎప్పుడు పోతుందో! అసలు ఆ నోరేంటండీ, అంత ఘాటు వాసనొస్తోంది?"

ఆయనకు సమాధానం తడుముకోవాల్సిన పనే లేకపోయింది. "మేం అక్కడ అమోనియా తయారుచేస్తున్నామే! ఆ మాత్రం వాసన రాదా?" అన్నాడు. ఆ 'మేం' అన్న మాటను కొంచెం సాగదీసి మరీ అన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. "సరే, మీ ల్యాబు వాసన ఇంటికి మోసుకురాకండి" అని దారం కొరికి మళ్ళీ మిషను తొక్కింది.

విరమణకు రెండున్నర నెలలుందనగా పెద్దమేడం పిడుగును పిలిపించింది. పెద్దమేడం మాటలు తక్కువ మనిషి, కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. "వచ్చే నెల బయటినుంచి ముగ్గురు పరిశీలకులు వస్తున్నారు. వాళ్ళకి నమ్మకం కలిగితే నీ పని సాగుతుంది. కలగకపోతే ఆ సరంజామా విప్పేసి గది వేరేవాళ్ళకి ఇవ్వాలి. వాళ్ళు మొదట అడిగేది ఖాళీ పరీక్షే. పొద్దున్నే, కొత్త గుళికలతో, మొదటి విడతే ఖాళీగా నడుపు. ముందు నాకు చూపించు."

అదెంత పని అనుకుంది పిడుగు. మర్నాడు గాజుబాబాయ్ ఎప్పటిలాగే గొట్టం బిగించి, ఊది చూసి, "బ్రహ్మాండం" అని తలూపాడు. గ్యాసులు వదిలారు, కరెంటు పెట్టలేదు. మెరుపు లేదు, రొద లేదు. సీసాలో చుక్కలు వేశారు. ముప్పావుగంట తర్వాత సీసా నీలంగా నిలబడింది.

పిడుగు వంగి స్విచ్చు చూసింది, అది ఆపే ఉంది. మెరుపు లేకుండా అమోనియా వచ్చిందంటే అది ఇంకెక్కడినుంచో వస్తోందన్నమాట. అంటే ఇన్నాళ్ళుగా మురిసిపోయిన నీలం గొట్టంలో పుట్టింది కాదు. చూడ్డానికి వచ్చిన పెద్దమేడం సీసాను వెలుతురుకెత్తి చూసి, కింద పెట్టి, "కనుక్కో" అని వెళ్ళిపోయింది.

ఎనిమిది రోజులు వెతికారు. నేల తుడిచే మందు మాన్పించారు. చేతితొడుగులు మార్చారు. నడవా చివర మరుగుదొడ్డి వైపు తలుపు సందులకు టేపు అంటించారు. నీళ్ళు, సిలిండర్లు, ఆసిడ్ సీసా మార్చారు, ఆఖరికి పరదాలు కూడా ఉతికించారు. గాజుబాబాయ్ కొత్త గొట్టం చేసి, కొలిమిలో కాల్చి శుద్ధి చేసి తెచ్చాడు. అతుకుల్లోంచి బయటి గాలి దూరుతోందేమోనని అనుమానమొచ్చి, ఒక్కసారి కాదు, రెండుసార్లు, మూడుసార్లు ఊది చూడడం మొదలుపెట్టాడు. ఆయన శ్రద్ధ పెరిగినకొద్దీ ఖాళీ పరీక్షలో నీలం కూడా ముదురుతూ వచ్చింది.

తొమ్మిదో రోజు పొద్దున పిడుగు పుస్తకం తెరిచి పెట్టుకొని కూర్చుంది. కళ్ళకింద చారలు. అయినా వేళాకోళం పోలేదు. "బాబాయ్, మీరు గదిలోకి వచ్చినప్పటి నుంచి చేసేవన్నీ వరసగా చెప్పండి. ఒక్కటీ వదలొద్దు. ఊపిరి పీల్చుకోవడం తప్ప అన్నీ చెప్పండి."

"చేతులు కడుక్కుంటా. గొట్టం తుడుస్తా. గుళికలు నువ్వు పోస్తావు. ఆసిడ్ నువ్వు పోస్తావు. నేను అతుకులు బిగిస్తా. తర్వాత..." ఆయన చేతిలో రబ్బరు గొట్టం ఉంది, కొస అప్పటికే సగం నోటి దగ్గరికి వెళ్ళింది. దాని వంక చూశాడు.

"తర్వాత?"

"ఊదుతా తల్లీ."

ఇద్దరూ బబ్లర్ వైపు చూశారు. పిడుగు లేచి నిలబడింది. "ఊపిరిలోనా? ఉంటుంది, అందరి ఊపిరిలోనూ కాస్త ఉంటుంది. కానీ ఇంత ముదురు రంగు రావాలంటే..." అని మధ్యలో ఆపేసింది.

మూడు సీసాల్లో ఆసిడ్ పోసింది. ఒకదాన్ని అలాగే ఉంచింది. రెండోదాంట్లో తను ఒక నిండు ఊపిరి ఊదింది. మూడోదాంట్లో ఆయన్ని ఊదమంది. చుక్కలు వేశారు. ముప్పావుగంట ఆగారు. మొదటి సీసా లేతపసుపు. పిడుగుది వెతికి చూస్తే గానీ కనపడనంత ఆకుపచ్చ. ఆయనది ముదురు నీలం.

గాజుబాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. "అయితే నా గొట్టంలో ఏమీ పుట్టలేదన్నమాట. అంతా నా ఊపిరేనన్నమాట. నీ మూడు నెలల కష్టం నా చేతులతో నేనే బూడిదలో పోశాను పిడుగూ. పరిశీలకులు వచ్చే ముందు... పెద్దమేడంతో నేనే చెబుతా. తప్పు నాదని రాసిస్తా."

ఆ పిల్ల వినడం లేదు. ఆయన కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని ప్యాంటు అంచు పైకి లాగింది. మోకాలి కింద వాచిన చోట బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. వేలు పడినచోట గుంట అలాగే ఉండిపోయింది.

"ఆకలి వేస్తోందా మీకు?"

"అది కాదమ్మా, నీ పరీక్ష..."

"నోట్లో ఇనుప రుచి వస్తోందా?"

"వస్తే వచ్చింది గానీ, ఇప్పుడు ఆ ముగ్గురికీ..."

"బాబాయ్!" ఆమె ఆయన మాటకు అడ్డొచ్చింది. "మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళ ఊపిరిలో అమోనియా ఇలా పెరుగుతుంది. నేను చదివాను. పరీక్ష మళ్ళీ చేసుకుంటా, వంద పరీక్షలు చేసుకుంటా. లేవండి, ముందు ఆస్పత్రికి వెళదాం. పిన్నికి ఫోన్ చేస్తున్నా."

"దానికి వద్దు."

"ఎందుకు వద్దు?"

ఆయన బల్ల మీది రబ్బరు గొట్టం తీసి చుట్ట చుట్టాడు. చివరికి నేలచూపులు చూస్తూ అన్నాడు. "ఆ వాసన ల్యాబుదని చెప్పాను."

పిడుగుకు నవ్వు, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి. ల్యాబు వాసన ఇంటికి వెళుతోందని ఇంట్లో ఆవిడ అనుకుంది, ఇంటి మనిషి జబ్బు ల్యాబులో నీలమై కనిపిస్తుంటే అది తన గెలుపు అని తను మురిసిపోయింది. ఆమె ఆయన చెయ్యి పట్టుకొని, కాలిన మచ్చలతో గరుకుగా ఉన్న ఆ వేళ్ళను కాసేపు వదలలేదు.

ఆస్పత్రిలో డాక్టరు నెత్తురు పరీక్ష కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. ఎన్నాళ్ళుగానో పట్టించుకోని రక్తపోటు మూత్రపిండాలను తినేసిందనీ, మూడొంతులకు పైగా పని ఆగిపోయిందనీ, మిగిలినదాన్ని మందులతో, పథ్యంతో కాపాడుకోవచ్చనీ చెప్పాడు. "ఇంకో ఆరునెలలు ఆగి ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. ఎవరు పంపారు మిమ్మల్ని?" అని అడిగాడు.

"గొట్టమండీ" అన్నాడు గాజుబాబాయ్. డాక్టరుకు అర్థం కాలేదు. పక్కనున్న ఆవిడకు అర్థమైంది. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట అనలేదు. ఆవిడ కోప్పడితే ఆయన తట్టుకుంటాడు, ఊరుకుంటే తట్టుకోలేడు. తలుపు తాళం తీస్తూ అప్పుడు అంది. "ముప్ఫై ఏళ్ళుగా మీరేం చెబితే అది నమ్మాను. వాసన నిజంగా ల్యాబుదే అనుకున్నానండీ." గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. ఆయన పోనీలే అనలేదు. జీవితంలో మొదటిసారి, "తప్పు చేశానే" అన్నాడు.

నెలరోజులు సెలవు. ఉప్పు తగ్గింది, మందులు పెరిగాయి. కుట్టుమిషను పక్కన కూర్చొని దారాలు కత్తిరించి ఇచ్చేవాడు. మనసంతా మూడో అంతస్తులోనే. పిడుగు పెద్దమేడానికి ఉన్నదున్నట్టు చెప్పేసిందని తెలిసింది. పాత ఫలితాలన్నీ కొట్టేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టిందట. ఊపిరి లేకుండా చూస్తే అసలు ఏమైనా మిగులుతుందా? ఆ ప్రశ్న ఆయన్ని అన్నం దగ్గర కూడా వదల్లేదు. తన గొట్టంలో ఏమీ పుట్టకపోతే పోనీ, ఆ పిల్ల గది పోకూడదు.

ఒకరోజు ఆవిడ మిషనులో పేరుకున్న నూలుపొట్టు మీదికి ఒక రబ్బరు బల్బు పిసికి ఫూఫూమని గాలి కొడుతోంది. ఆయన దాని వంక చూసి చెయ్యి చాచాడు.

"ఇటివ్వు."

"ఎందుకు?"

"ఇది ఊదుతుంది. నాకన్నా శుభ్రంగా ఊదుతుంది."

దాన్ని సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కొసకు సరిపోయే చిన్న గాజు మూతి ఒకటి పిడుగు చేతే తన గదిలోంచి తెప్పించి తగిలించాడు. ల్యాబుకు పంపించాడు. నూలుపొట్టు దులపడానికి ఆవిడ నోటితో ఊదుకుంటూ వారం రోజులు సణిగింది.

పరిశీలకులు వచ్చిన రోజు ఎవరు వద్దన్నా ఆగకుండా వెళ్ళాడు. గదిలోకి మాత్రం రాలేదు. తలుపుకున్న అద్దంలోంచి చూస్తూ బయటే నిలబడ్డాడు. తన ఊపిరి తలుపు సందులోంచి దూరి మళ్ళీ కొంపముంచుతుందేమోనని చేత్తో నోరు మూసుకున్నాడు. పిడుగు గొట్టం బిగించి, ఆవిడ బల్బు పిసికింది. బుడగలు ఒకే లెక్కన లేచాయి. ఖాళీ పరీక్ష. ముప్పావుగంట. లేతపసుపు. ముగ్గురిలో పెద్దాయన సీసాను తెల్లకాగితం మీద పెట్టి చూసి, కానివ్వమన్నట్టు తలూపాడు.

కరెంటు పెట్టింది. ఊదారంగు వెలుగు లేచింది. మళ్ళీ సీసా, మళ్ళీ చుక్కలు, మళ్ళీ ముప్పావుగంట. గాజుబాబాయ్ కాళ్ళు పీకుతున్నా కూర్చోలేదు. పసుపు చాలాసేపు పసుపుగానే ఉంది. అప్పుడు సీసా అడుగున కొద్దిగా ఆకుపచ్చ తిరిగింది. నెమ్మదిగా, మునుపటి నీలంలో ఐదోవంతు కూడా లేని లేతనీలం వచ్చి నిలిచింది. గుళికలు తీసేసి నడిపించారు, ఇంకా పల్చబడింది. గుళికలు పోసి నడిపించారు, మళ్ళీ అదే లేతనీలం. పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "తక్కువే. కానీ నమ్మొచ్చు. పని సాగనివ్వండి" అన్నాడు. పెద్దమేడం ముఖంలో నవ్వులాంటిది ఒకటి కనిపించి మాయమైంది.

పిడుగు తలుపు తోసుకొని బయటికొచ్చింది. "బాబాయ్, ఇక ఊపిరి వదలండి. పుట్టింది. మీ గొట్టంలోనే పుట్టింది."

ఆయన చెయ్యి తీసి, ఆ పిల్ల తల మీద పెట్టాడు.

అందరూ వెళ్ళాక ఆమె ఇంకో సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇప్పుడు ఇది ఊదండి. వద్దంటే ఒప్పుకోను." ఊదాడు. మళ్ళీ కాపలా. రంగు ఆకుపచ్చ దాటి నీలం వైపు మొగ్గి, అక్కడితో ఆగిపోయింది. నెల క్రితం నాటి సీసాను ఆమె దాచి ఉంచింది. రెండూ పక్కపక్కన పెట్టి తెల్లకాగితం అడ్డం పెట్టింది. కొత్తది చాలా పల్చన.

"రాలేదు బాబాయ్! చూడండి, సరిగ్గా రాలేదు!" అని చప్పట్లు కొట్టింది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటే. రంగు సరిగ్గా రానందుకు ఇంత సంబరపడిన పరిశోధకురాలిని ఆయన తన సర్వీసులో చూడలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆవిడ మిషను దగ్గరే ఉంది. రుమాల్లో చుట్టి తెచ్చిన రెండు సీసాలు కిటికీలో పెట్టాడు. ఏది ఎప్పటిదో చెప్పాడు. ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టి, రెంటినీ ఎండకు ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి, ఆయన దగ్గరికొచ్చి, ముఖం ముందుకు వంచి వాసన చూసింది.

"ఏమండీ, అక్కడ అమోనియా చేయడం మానేశారా?" అంది.

"లేదే" అన్నాడు గాజుబాబాయ్. "ఇవాళే మొదలుపెట్టాం."